తాలు ఫోల్డరు

ఉజ్వల మౌస్ నొక్కగానే తెరమీద మాబున్నీసా మామ్మ మొహం నక్షత్రాలుగా విడిపోయి, మళ్ళీ గబగబా కలిసిపోయింది.

"ఇంకోసారి చెయ్యవే," అన్నాడు పక్క కుర్చీలో ఉన్న ఫ్రాన్సిస్.

ఉజ్వల ఇంకోసారి చేసింది. అప్పటికది పదకొండోసారి.

గురువారం మధ్యాహ్నం, అన్నం బెల్లు తర్వాత రెండో పీరియడు. ఆ హైస్కూల్లో కంప్యూటర్లు పది ఉన్నాయి గానీ, పనిచేసేవి ఆరే. ఏడో తరగతి పిల్లలు ఇద్దరికొకటి చొప్పున పంచుకుని కూర్చున్నారు. సుబ్బరత్నం టీచర్ మూడు వారాలుగా వాళ్ళకి వీడియో ఎడిటింగ్ నేర్పుతున్నారు. వీడియోల్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా తేవాలి, కింద ఉండే టైమ్‌లైన్ పట్టీ మీద ముక్కల్ని ఎలా పేర్చాలి, కత్తెర బొమ్మతో అక్కర్లేనిది ఎలా కోసెయ్యాలి, ఇవన్నీ. శనివారం స్కూల్ వార్షికోత్సవం. ఒక్కొక్కరూ మూడు నిమిషాల వీడియో చేసి చూపించాలి. టీచర్ ఇచ్చిన పేరు "మా ఊరి పనిమంతులు".

ఫ్రాన్సిస్ వాళ్ళ తాత దేవదాసు గురించి తీశాడు. ఆయన రోజూ పొద్దున్నే చర్చి గంట కొడతాడు. ఉజ్వల మాబున్నీసా మామ్మ గురించి తీసింది.

ఈ మామ్మ గురించి మీకు కాస్త చెప్పాలి. రెంటచింతల చుట్టుపక్కల మిరప వేసే రైతుల్లో ఆమె పేరు తెలియనివాళ్ళు లేరు. కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఎండబెడతారు కదా, వాటిలో రంగు వెలిసినవీ, మచ్చలు పడ్డవీ, తెల్లగా పాలిపోయినవీ కొన్ని ఉంటాయి. వాటిని తాలు అంటారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆ తాలు ఏరి పక్కన పోస్తారు. మిగిలిన మంచి కాయలు టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు ఎత్తుతారు. ఏరేవాళ్ళందరికీ మాబున్నీసా మామ్మే పెద్ద. ఆమె ఏరిన కుప్పలో ఒక్క తాలుకాయ దొరికిందని ఎవరైనా చూపిస్తే, నేనీ కథ రాయడం ఇక్కడే ఆపేస్తాను.

పోయిన ఆదివారం ఉజ్వల నాన్న ఫోను తీసుకుని తమ కల్లానికి వెళ్ళింది.

"మామ్మా, నిన్ను వీడియో తీస్తా. శనివారం మా స్కూల్లో పెద్ద తెరమీద చూపిస్తారు."

"నన్నా?" అంది మామ్మ. "నా మొగం కనపడుద్దా?"

"మొగమొక్కటేంది, మొత్తం నువ్వే కనపడతావు."

మామ్మ మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళి, పోయిన రంజానుకు కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. మిరప కల్లానికి కొత్త చీరేందని మిగతా ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఆమె పట్టించుకోలేదు. ఉజ్వల చదివి వినిపించిన నాలుగు వాక్యాలు బట్టీపట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని చెప్పింది. "నా పేరు షేక్ మాబున్నీసా. నేను ముప్పై ఏళ్ళ నుంచి మిరపకాయలు ఏరుతున్నాను." శనివారం సగం రోజు పని మానుకుని, తనతో ఏరే పన్నెండు మందినీ వెంటబెట్టుకుని వస్తానని కూడా చెప్పింది.

ఉజ్వల ఆ రోజు మొత్తం ఇరవై ఆరు వీడియోలు తీసింది. సోమవారం వాటన్నింటినీ స్కూలు కంప్యూటర్లోకి ఎక్కించి, నాన్న ఫోనులోంచి తుడిచేసింది. ఉజ్వల నాన్న శ్రీమన్నారాయణగారు స్కూల్ కమిటీ ఛైర్మన్. ఊళ్ళో ఏ మీటింగు జరిగినా దాని వీడియో ఆయన ఫోనుకే వస్తుంది. అందుకని అది ఎప్పుడు చూసినా నిండే ఉంటుంది.

తర్వాత ఉజ్వల కూర్చుని వీడియోల్ని ఏరింది. కొత్త చీరతో చక్కగా మాట్లాడినవి ఏడు. వాటిని "మంచివి" అనే ఫోల్డర్లో పెట్టింది. ఊగినవి, వంకరగా వచ్చినవి, మామ్మ దగ్గినవి, తన గొంతు మధ్యలో పడినవి పందొమ్మిది. ఆ ఫోల్డరుకి "తాలు" అని పేరు పెట్టింది. కల్లం పిల్ల కదా మరి.

గురువారానికి ఏడు ముక్కలూ టైమ్‌లైన్ మీద బుద్ధిగా కూర్చున్నాయి. ముక్కకీ ముక్కకీ మధ్య నక్షత్రాలు. కింద మొదటి నుంచి చివరిదాకా డప్పుల మోత.

"నీ పని అయిపోయిందిగా. ఇంక నేను కూచుంటా," అన్నాడు ఫ్రాన్సిస్.

ఉజ్వల సేవ్ చేసి, సాఫ్ట్‌వేర్ మూసి లేచింది. ఫ్రాన్సిస్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. తాత వీడియోలు సగం ఎక్కి ఆగిపోయాయి. కంప్యూటర్లో ఖాళీ లేదని తెరమీద వచ్చింది. ఫ్రాన్సిస్ మొహం వాడిపోయింది.

"ఉండు, నేను ఖాళీ చేస్తా," అంది ఉజ్వల.

మంచి మనసుతోనే అందండీ. ఆ సంగతి మనం మర్చిపోకూడదు. ఆమెకి కల్లం పద్ధతి బాగా తెలుసు. మంచి కాయలు టిక్కీల్లోకి ఎక్కాక కల్లం శుభ్రంగా ఊడ్చేస్తారు. తాలు మటుకు మూలన కుప్పగా ఉంటుంది, దాని సంగతి చివర్న చూస్తారు. ఇక్కడా అంతే అనుకుంది. మంచి వీడియోలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కేశాయి. ఇంకా ఫోల్డర్లో ఉన్నవి దేనికి?

"మంచివి" ఫోల్డరు మీద మౌస్ పెట్టి, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కింది. అలా నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళకుండా ఏకంగా పోతుందని రెండు రోజుల కిందటే నేర్చుకుంది. ఆ నేర్చుకున్నది ఎక్కడన్నా వాడాలని చేతులు దురద పెడుతున్నాయి కూడా.

ఫ్రాన్సిస్ వీడియోలు మొత్తం ఎక్కాయి. ఇద్దరూ సంతోషంగా ఇంటికి వెళ్ళారు.

శుక్రవారం పొద్దున ఉజ్వల తన వీడియో తెరిచింది. మామ్మ లేదు. ఆకుపచ్చ చీర లేదు. టైమ్‌లైన్ మీద ఏడు ఎర్ర గళ్ళు, ఒక్కొక్క దాని మీదా "ఫైలు దొరకలేదు" అన్న మాట. నక్షత్రాలు మాత్రం ఉన్నాయి. డప్పులు కూడా మోగుతున్నాయి.

ఉజ్వల సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ తెరిచింది. అవే ఎర్ర గళ్ళు.

"టీచర్," అని పిలిచింది.

సుబ్బరత్నం టీచర్ వచ్చి చూశారు. "ఈ ఫైళ్ళు ఎవరు తీసేశారు?"

ఫ్రాన్సిస్ తల దించుకున్నాడు. ఖాళీ కావాల్సింది అతనికే మరి. ఉజ్వల అతని వైపు ఒకసారి చూసింది.

"నేనే టీచర్. అన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కినయ్యి గదా, టిక్కీలోకి ఎక్కినట్టే గదా అని..."

టీచర్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సాఫ్ట్‌వేర్ టిక్కీ కాదమ్మా. చీటీ. ఏ వీడియో ఏ ఫోల్డర్లో ఉంది, దాంట్లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చూపించాలి, అదంతా రాసి పెట్టుకునే చీటీ. నువ్వు చీటీ జాగ్రత్తగా దాచి, సరుకు పారబోశావు. మొదటి రోజే చెప్పాను కదా, పూర్తయ్యేదాకా ఫైళ్ళు కదిలించొద్దని."

నిజమే, చెప్పారు. ఆ సమయంలో ఉజ్వల నక్షత్రాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటోంది.

టీచర్ ఏదో సాఫ్ట్‌వేర్ తెచ్చి, పోయిన ఫైళ్ళని తిరిగి రప్పించాలని చూశారు. రాలేదు. ఆ ఖాళీలో అప్పటికే దేవదాసు తాత, చర్చి గంట కూర్చుని ఉన్నారు.

ఉజ్వల కళ్ళు నిండాయి. మళ్ళీ తీద్దామన్నా కుదరదు. కాయలు మంగళవారమే లారీ ఎక్కి గుంటూరు వెళ్ళిపోయాయి. మామ్మ వాళ్ళు ఇప్పుడు వేరే ఊళ్ళో ఏరుతున్నారు, చీకటి పడే వేళకి గానీ ఇంటికి రారు. రేపు పదమూడు మంది పని మానుకుని వచ్చి తెర ముందు కూర్చుంటారు. వాళ్ళకి ఏం చూపించాలి?

"ఏడవకు," అన్నారు టీచర్. "మా చెల్లెలి పెళ్ళి వీడియోలో తాళి కట్టేది నేనూ ఇట్లాగే పోగొట్టాను. అది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. ఇంకేమీ మిగల్లేదా నీ దగ్గర?"

"తాలు ఉంది టీచర్. అది పనికిరాదు."

"విన్నావా దాన్ని? మొత్తం?"

ఉజ్వల వినలేదు. ఒక్కొక్కటీ రెండు క్షణాలు చూసి పక్కకు తోసేసింది. టీచర్ హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టి వెళ్ళిపోయారు.

మొదటిది ఊగుతున్న వీడియో. "ఆడ కూచోబాక పాపా, కాళ్ళు కాల్తయ్యి. ఈ పట్టా మీదకి రా," అంటోంది మామ్మ. రెండోది అంతా దగ్గు. ఘాటుకు దగ్గి, కళ్ళు తుడుచుకుని, తువ్వాలు ముక్కుకి అడ్డంగా కట్టుకుని మళ్ళీ పనిలో పడింది. మూడో దాంట్లో ఉజ్వల గొంతే పెద్దగా వినపడింది.

"మామ్మా, ఈ తాలంతా పారేస్తారా?"

"పారేసేదైతే ఇంత జాగర్తగా ఎందుకు ఏరతా? దానికీ టిక్కీ కడతాడు మీ నాన్న. దాని బేరం దానికుంది."

ఆ ప్రశ్న అడిగింది తనే. జవాబు మటుకు ఇప్పుడే విన్నది. ఉజ్వల కుర్చీలో ముందుకు జరిగింది.

నాలుగోది వంకరగా ఉంది. ఎందుకు వంకరో గుర్తొచ్చింది. ఫోను ఒక బస్తా మీద ఆనించి, ఆపడం మర్చిపోయి మంచినీళ్ళకు వెళ్ళింది తను. ఏడు నిమిషాల వీడియో. మొహం సరిగ్గా లేదు, పై అంచున ఒక చెంప, ఒక చెవి, అంతే. తెర నిండా మామ్మ చేతులే ఉన్నాయి.

అబ్బ, ఏం చేతులండీ అవి. కుడిచెయ్యి కుప్పలోకి వెళ్తుంది, గుప్పెడు కాయలు తీస్తుంది. వేళ్ళ మధ్య నుంచి మంచివి ఒక్కొక్కటే ఈ పక్కకి జారతాయి, తాలు ఆ పక్కకి పడుతుంది. మామ్మ చేతుల వైపు చూడను కూడా చూడటం లేదు, పక్కనామెతో కోడలి సంగతేదో మాట్లాడుతోంది. అంతలో ఒక కాయ దగ్గర చెయ్యి ఆగింది. ఎర్రగా నిగనిగలాడే మంచి కాయ అది. దాన్ని చెవి దగ్గరికి తీసుకుపోయి ఊపింది. పక్కనామెకు ఇచ్చింది.

"ఇనపడిందా?"

"లే."

"ఎండిన కాయైతే గలగలంటది. ఇది పలకట్లే. లోపల తడుంది. ఇట్టాంటిది ఒక్కటి పడితే టిక్కీ మొత్తం బూజు పట్టుద్ది. ఎండలో ఏసిరా."

ఇంకో కాయ ఊపింది. ఈసారి గలగలమని చిన్న చప్పుడు. హెడ్‌ఫోన్స్‌లో ఆ చప్పుడు స్పష్టంగా వినబడింది. అదే గనక డప్పుల కింద పెట్టి ఉంటే ఒక్కరికీ వినబడేది కాదు.

ఉజ్వల ఆ ఏడు నిమిషాలూ మూడుసార్లు చూసింది. పుట్టినప్పటి నుంచీ ఆ కల్లంలో ఆడుకుంది, ఆ చేతుల్ని ఒక్కసారి కూడా ఇలా చూడలేదు. ఇంత గొప్ప పనిని తాలు అని ఎలా అన్నానా అని సిగ్గేసింది.

సాయంత్రం టీచర్ ఆ వీడియోల్ని ఉజ్వల వాళ్ళమ్మ హరిత ఫోనుకి పంపారు. ఉజ్వల ఆ ఫోను పట్టుకుని మాబున్నీసా మామ్మ ఇంటికి వెళ్ళింది. మామ్మ అప్పుడే పని నుంచి వచ్చి, గుమ్మం ముందు కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది.

"ఏందమ్మాయ్, ఇప్పుడొచ్చా? రేపటికి అందరం సిద్ధం. నా పక్కన ఏరే రమాదేవైతే జడగంటలు పెట్టుకుంటానంటంది," అని నవ్వింది.

ఉజ్వల నిలబడే చెప్పేసింది. "మామ్మా, నువ్వు కొత్త చీర కట్టుకున్న వీడియోలన్నీ పోయినయ్యి. నేనే తుడిచేశా. తెలియక చేశా."

మామ్మ చేతులు ఆగిపోయాయి. "అయితే రేపు మేం రావొద్దా?"

ఆ ప్రశ్నకి ఉజ్వలకి ఏడుపొచ్చినంత పనైంది. "నేను తాల్లో పోసినయ్యి ఉన్నయ్యి. నువ్వు చూసి సరేనంటే వాటితో చేస్తా. వద్దంటే చెయ్యను."

"ఏదీ, చూపియ్యి."

ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. మామ్మ దగ్గు చూసి, "మంచి సోద్దెమే," అని నవ్వింది. చేతులు వచ్చేసరికి మాత్రం నవ్వు ఆపింది. ఫోను దగ్గరికి వంగింది.

"ఇయ్యి నా చేతులేనా?"

"నీయే మామ్మా."

"ముప్పై ఏళ్ళ నుంచీ కాయనే చూస్తన్నా. వీటినెప్పుడు చూశా." తన చేతులు ముందుకు చాపి, ఒకసారి వాటిని, ఒకసారి ఫోనును చూసుకుంది. "బానే చేస్తన్నయ్యే."

"చానా బాగా చేస్తన్నయ్యి," అంది ఉజ్వల. ఆ మాట గుండెల్లోంచే వచ్చింది.

"ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి చూశాక ఉజ్వల అడిగింది. "నువ్వు దగ్గింది తీసెయ్యనా మామ్మా?"

"తీసేస్తే ఎవురు నమ్ముతారే? దగ్గకండా మిరపకాయలు ఏరేవోళ్ళు యాడన్నా ఉన్నారా. ఉంచు." తర్వాత మెల్లగా అంది. "మరి కొత్త చీర లేనట్టేగా."

ఉజ్వల ఫోనును ఒళ్ళో బోర్లించింది.

"పోన్లే. కట్టుకున్నానని నాకు తెలుసుగా," అంది మామ్మ.

శనివారం పొద్దున ఎనిమిదింటికే ఉజ్వల కంప్యూటరు ముందు ఉంది. ముందుగా తాలు ఫోల్డరును టీచర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసింది. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఈసారి కత్తెర తక్కువగా వాడింది. నక్షత్రాలు పెట్టలేదు. డప్పుల జోలికి వెళ్ళలేదు. ఫ్రాన్సిస్ పక్కనే కూర్చుని ఏ ముక్క ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసిపెట్టాడు.

మధ్యాహ్నం హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. ముందు వరసలో పెద్దవాళ్ళు, శ్రీమన్నారాయణగారు మధ్య కుర్చీలో. వెనక గోడ దగ్గర మాబున్నీసా మామ్మ, పన్నెండు మంది ఆడవాళ్ళు, రమాదేవి జడగంటలు.

ముందు దేవదాసు తాత గంట కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఉజ్వల వీడియో మొదలైంది.

"ఆడ కూచోబాక పాపా, కాళ్ళు కాల్తయ్యి," అంది పెద్ద తెరమీద మామ్మ. హాలంతా నవ్వింది. దగ్గినప్పుడు వెనక ఆడవాళ్ళు ఇంకా నవ్వారు, అది వాళ్ళందరి దగ్గూనూ. తర్వాత చేతులు వచ్చాయి. గోడంత పెద్ద చేతులు. నవ్వు దానంతటదే తగ్గిపోయింది. మామ్మ కాయని చెవి దగ్గర ఊపినప్పుడు, ఆ గలగల వినడానికి చిన్నపిల్లలు కూడా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

శ్రీమన్నారాయణగారు కుర్చీలో ముందుకు వంగి చూశారు. ఆ చేతులు ఏరిన కాయల్నే ఇరవై ఏళ్ళుగా గుంటూరు పంపుతున్నారాయన. వీడియో అవగానే లేచి, వెనక్కి తిరిగి, ఆ చీకట్లో మామ్మ ఎక్కడుందో వెతికారు. కనబడగానే ఆమె వైపే తిరిగి చప్పట్లు కొట్టారు.

మామ్మ మొహం మీదికి కొంగు లాక్కుంది. రమాదేవి ఆ కొంగు లాగేసింది.

అందరూ ఉజ్వలను మెచ్చుకున్నారు. ఉజ్వలకి సంతోషంగానే ఉంది. కానీ మామ్మ కొత్త చీర గురించి అన్న మాట మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ఆమె మళ్ళీ మామ్మ ఇంటికి వెళ్ళింది. చేతిలో నాన్న ఫోను, మెడలో తాడుకి కట్టిన పెన్‌డ్రైవ్.

"మామ్మా, ఆకుపచ్చ చీర కట్టుకో."

"అయిపోయిందిగా అంతా. ఇంక ఎవురికి చూపిస్తావు?"

"నీకు."

మామ్మ లోపలికి వెళ్ళి చీర కట్టుకొచ్చింది. గుమ్మం ముందు నిటారుగా కూర్చుంది. "ఏం చెప్పాల?"

"నీ ఇష్టం. ఈసారి నేనేం చెప్పను."

కానీ ఆ నాలుగు వాక్యాలూ మామ్మకి ఇంకా కంఠతా ఉన్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. "నా పేరు షేక్ మాబున్నీసా. నేను ముప్పై ఏళ్ళ నుంచి..." అంతలో దగ్గు వచ్చింది. ఆరోజు పని లేదు, ఎదుట మిరపకాయలూ లేవు. అయినా వచ్చింది, ఒకదాని వెంట ఒకటి.

ఉజ్వల బొటనవేలు అలవాటుగా వీడియో ఆపే ఎర్ర బటన్ మీదికి వెళ్ళింది. వెళ్ళి, నొక్కకుండా వెనక్కి వచ్చింది.

ఫోనును అలాగే గడప మీద ఆనించి, మామ్మకు నీళ్ళు తేవడానికి లోపలికి పరుగెత్తింది.